సర్కారు వారి పేక, సిమెంటు కింది వాల్వు

ఊరి పేరు మాత్రం అడక్కండి. నాకింకా సర్వీసు ఉంది, ఆ తర్వాత పెన్షనూ ఉంది. మున్సిపాలిటీ అని మాత్రం చెప్పగలను. అందులో నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు భుజంగరావు. నీటి సరఫరా విభాగంలో పనిచేసే నా ఇంటికి నీళ్ళు రావు. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకుంటే మిగతాది ప్రశాంతంగా చెప్పుకుంటాను.

మా వీధికి ఆ మధ్య సిమెంటు రోడ్డు వేశారు. బ్రహ్మాండమైన రోడ్డు. వేసిన కాంట్రాక్టరు ఎంత శ్రద్ధగల మనిషంటే, వీధి మొదట్లో ఉన్న నీళ్ళ వాల్వు గొయ్యిని కూడా వదల్లేదు. దాని మూత మీద కూడా నున్నగా సిమెంటు పోసి, చీపురుతో గీతలు గీసి మరీ వెళ్ళాడు. ఆ వేళప్పుడు వాల్వు కట్టేసి ఉంది. అలాగే ఉండిపోయింది. రోడ్డేమో ఇంజనీరింగు విభాగానిది, వాల్వేమో మాది. రోడ్డు పగలగొట్టే అధికారం మాకు లేదు, వాల్వు తిప్పే అధికారం వాళ్ళకి లేదు. అంచేత ఇద్దరం ఒకరికొకరం ఉత్తరాలు రాసుకుంటూ మర్యాదగా కాలం గడుపుతున్నాం.

ట్యాంకరు వచ్చినప్పుడు బిందె పట్టుకుని లైన్లో నేనే నిలబడతాను. మా ఆవిడ హైమావతి నిలబడదు. "నీళ్ళాఫీసులో ఉద్యోగం మీదా, నాదా?" అంటుంది. నేను బిందె తీసుకుని బయల్దేరతాను.

లైన్లో నా వెనక మాణిక్యమ్మ ఉంటుంది. మా వీధి మొదట్లో పొద్దున్నే ఇడ్లీలూ అట్లూ వేసి అమ్ముతుంది. పప్పు నానెయ్యాలన్నా, పిండి రుబ్బాలన్నా, తిన్నవాళ్ళు చేతులు కడుక్కోవాలన్నా ఆవిడకి నీళ్ళే కావాలి. ట్యాంకరు రాని రోజున పొయ్యి వెలగదు. "ఇంకొక్క నెల చూస్తానండీ భుజంగరావు గారూ. ఆ తర్వాత పెనం మూటగట్టుకుని మా చెల్లెలి ఊరు పోతా" అని చెప్పేసింది. ఆవిడ పోతే వీధికి టిఫిను లేదు. మా ఆవిడకి పొద్దున్నే టిఫిను చేసే అలవాటూ లేదు. కాబట్టి ఈ వ్యవహారంలో నా కష్టం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

"అర్జీ పెట్టు మాణిక్యమ్మా" అన్నాను.

"పెట్టానుగా! మీకే ఇచ్చాను."

"అవునవును. అది పరిశీలనలో ఉంది."

"ఎవరి పరిశీలనలో?"

"నా పరిశీలనలోనే" అని బిందె సర్దుకున్నాను.

ఇలా రోజులు వెళ్ళిపోతుంటే మా కమిషనర్ చిదానంద్ గారు శిక్షణకి వెళ్ళొచ్చారు. కుర్ర అధికారి, మంచివారు, దేన్ని చూసినా ముచ్చటపడే మనిషి. అదే వచ్చింది చిక్కు. ఏదో సముద్రపొడ్డు హోటల్లో పాలనలో ఆటలు ప్రవేశపెట్టడం గురించి ఎవరో చెప్పారట. వచ్చీ రాగానే మా అందర్నీ సమావేశపరిచి, బల్ల మీద రెండు అట్టపెట్టెలు పెట్టారు. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది.

"మిత్రులారా! అర్జీ అనేది కాలం చెల్లిన ప్రక్రియ. అర్జీదారు నిలబడతాడు, ఉద్యోగి కూర్చుంటాడు. ఇందులో భాగస్వామ్యం ఎక్కడుంది? ఆహ్లాదం ఎక్కడుంది? ఇకపై ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. ఆట ఫలితమే అర్జీకి పరిష్కారం!"

"పేకాటా సార్?" అన్నాడు ఎవరో వెనకనుంచి. సర్కారు ఉద్యోగి పేకాడితే సస్పెన్షను. అందులో అనుభవమున్నవాడే అడిగాడు.

"పేక అనే పదం ఈ ప్రాంగణంలో వినపడకూడదు. ఇది సిద్ధపరచిన ప్రారంభ సేవాపత్ర సంపుటి."

మేం పేక అనే అన్నాం. చెప్పొద్దూ, ఆ పేరంతా పలికేలోపు ఒక ఆట అయిపోతుంది.

పద్ధతి సులువే. జనానికి నీలం పెట్టె, ఆఫీసుకి ఎర్ర పెట్టె. ప్రతివాడికీ మొదట కొంత ఓపిక ఇస్తారు, చింతగింజల రూపంలో. ముక్క వేసినప్పుడల్లా కొన్ని గింజలు ఖర్చు. ఎవరి గింజలు ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు. బజార్లో దొరికే ఇలాంటి ఆటలైతే ముందు సిద్ధంగా ఉన్న పెట్టె ఒకటి కొనుక్కుని, ఆడగా ఆడగా పనికిరాని ముక్కలు తీసేసి, స్నేహితుల దగ్గర మంచివి మార్చుకుని పేకని బాగుచేసుకుంటారట. మాకా వీల్లేదు. సీలు పెట్టెలో ఎన్ని ముక్కలు ఎలా వచ్చాయో అలాగే ఉండాలి. తీసినా, కలిపినా ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్టు.

"భుజంగరావు గారూ, ఈ సంపుటి బలాలు, బలహీనతల మీద మీరు నివేదిక సమర్పించండి. బలహీనతలు బలాల కంటే పొడుగ్గా ఉండరాదు" అన్నారు కమిషనర్ గారు.

రాశాను. నిజమే రాశాను, ఖర్మ. నీలం పేకలో ‘వినతిపత్రం’, ‘మళ్ళీ వినతిపత్రం’, ‘పత్రికలో వార్త’ లాంటి ముక్కలున్నాయి. కొట్టే ముక్కలే, కానీ ఒక్కోదానికి బోలెడు ఓపిక పోతుంది. అన్నింటికంటే పెద్దది ‘నిరాహార దీక్ష’. అది వేస్తే అవతలివాడి ఓపిక రవ్వంత తగ్గుతుంది, వేసినవాడి ఓపిక మొత్తం పోతుంది. ఎర్ర పేక దీనికి తలకిందులు. అందులో కొట్టే ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. ‘మా పరిధి కాదు’, ‘సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నారు’, ‘సర్వరు పనిచేయడం లేదు’... అన్నీ అడ్డుకునేవే, అన్నీ ఉచితమే. ‘పరిశీలనలో ఉంది’ అనే ముక్కనైతే ఏ ముక్కా కొట్టలేదు. దానికి గడువు కూడా లేదు. ఒకసారి వేస్తే అలా పడుంటుంది. ఇవి కాక ఎర్ర పెట్టెకొక బంగారు రంగు ముక్క: ‘పని పూర్తయింది’. అది చేతికొచ్చిందంటే వేసి తీరాలి, వేస్తే ఆట అక్కడితో సరి.

కమిషనర్ గారు నా నివేదిక చదివి, బలహీనతల పేజీని ఎర్ర సిరాతో కడిగేశారు. ‘దీక్ష ముక్క వేసినవాడే నష్టపోతాడు’ అన్నచోట ‘పౌరునిలో త్యాగనిరతిని పెంపొందించును’ అని రాశారు. ‘ఎర్ర పేకతో ఓడిపోదామన్నా వీల్లేదు’ అన్నదాన్ని కొట్టేసి ‘ఉద్యోగుల ఆత్మవిశ్వాసమునకు హామీ’ అన్నారు. ‘పరిశీలనలో ఉంది’ గురించి మాత్రం ఆయనే ఒక వాక్యం కొత్తగా చేర్చారు: ‘ఈ పత్రము సంపుటికి మూలస్తంభము. దీనిని ప్రశ్నించు అధికారము ఏ స్థాయి అధికారికిని లేదు.’ కింద సంతకం చేశారు, ముద్ర కూడా వేశారు.

మొట్టమొదటి ఆట ఎవరితో అనుకున్నారు? మాణిక్యమ్మతో. ఆఫీసు తరఫున ఎవరనుకున్నారు? ఇంకెవరు, నేనే. హాలు మధ్యలో బల్ల వేసి, పూలదండ కట్టి, ఫోటోగ్రాఫరుని కూడా పిలిచారు.

ఆ పొద్దున్న హైమావతి గుమ్మం దగ్గర నిలబడి, "ఇవాళ ఓడిపోయి రండి. గెలిచారో, ఇంటికి రాకండి" అంది. ఆవిడ చెప్పకపోయినా నేను ఓడిపోవాలనే బయల్దేరాను. నేను ఓడితే వాల్వు తిప్పుతారు, మాణిక్యమ్మ పొయ్యి వెలుగుతుంది, నేను బిందె దించుతాను. మున్సిపాలిటీ చరిత్రలో ఓడిపోవడం కోసం ఇంత తాపత్రయపడ్డవాడు ఇంకొకడు ఉండడు.

మాణిక్యమ్మ చీర కొంగు బిగించి ‘వినతిపత్రం’ వేసింది. నేను నా చేతిలో ముక్కలన్నీ వెతికాను. ఓడిపోయే ముక్క లేదు. ఉన్నవాటిలో కాస్త చేతకానిది చూసి ‘సర్వరు పనిచేయడం లేదు’ వేశాను. ఆవిడ ముక్క చచ్చిపోయింది, గింజలు పోయాయి.

"అదేందండీ, నా ముక్కని అట్టా నొక్కేశారు?"

"నేనేం చెయ్యను మాణిక్యమ్మా, దానంతటదే నొక్కుతోంది."

‘మళ్ళీ వినతిపత్రం’ వేసింది. ఈసారి అసలేమీ వెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాను. కమిషనర్ గారు రూలు పుస్తకం తిప్పి, "ఉద్యోగి మౌనముగా ఉన్నచో ‘గుమాస్తా సెలవులో ఉన్నారు’ అనే పత్రము వేసినట్లే భావించవలెను" అని చదివారు. ఆ ముక్కా పోయింది. చివరికి ఆవిడ చేతిలో గుప్పెడు గింజలు మిగిలాయి. నేను పైముక్క తీశాను. తళతళా మెరిసింది. బంగారు ముక్క.

దాచుదామని చొక్కా జేబు దాకా తీసుకెళ్ళాను. ఫోటోగ్రాఫరు అప్పుడే ఫ్లాషు కొట్టాడు. వేసి తీరాలిగా మరి. వేశాను.

"పని పూర్తయింది!" అని కమిషనర్ గారు లేచి చప్పట్లు కొట్టారు. హాలంతా చప్పట్లు. మాణిక్యమ్మ కూడా పాపం మొహం ఇంత చేసుకుని చప్పట్లు కొట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని, "మీ కడుపు చల్లగుండ బాబూ, పనయిపోయిందంటగా! రేపు ఉదయం మీకు నెయ్యట్టు నా లెక్కలో" అంది. నాకు ఆవిడ మొహంకేసి చూడ్డానికి సిగ్గేసింది.

మర్నాడు కుళాయి దగ్గర వీధివీధంతా బిందెలతో నిలబడింది. కుళాయి గాలి ఊదింది. మాణిక్యమ్మ సరాసరి ఆఫీసుకొచ్చింది, మళ్ళీ అర్జీ పెడతానంది. కౌంటరులో కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ వీధి పని పూర్తయినట్టుంది, పూర్తయిన పని గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యకూడదు.

"మరి నీళ్ళు రావట్లేదుగా!"

"అది మీ అనుభవమమ్మా. రికార్డులో వస్తున్నాయి" అన్నారు కమిషనర్ గారు, చాలా దయగానే.

నాకు శాలువా కప్పారు. ఆ శాలువాతో ఇంటికెళ్ళాను. హైమావతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ట్యాంకరు దగ్గర తలపాగా చుట్టుకోండి, ఎండ తగలదు" అంది. ఆ తర్వాత రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అట్టూ లేదు, నెయ్యీ లేదు. మాణిక్యమ్మ పెనం తిరగేసి పెట్టి, సామాన్లు సర్దుకోవడం మొదలెట్టింది.

ఆఫీసులో మాత్రం పండగ. బంగారు ముక్కల పుణ్యమా అని వచ్చిన అర్జీ వచ్చినట్టే పూర్తయిపోతోంది. వీధి దీపాలు వెలగకుండానే వెలిగాయి, మురుగు కాలవలు కదలకుండానే పారాయి. ఆ ఉత్సాహంలో కమిషనర్ గారు ఇంటి పన్నుని కూడా ఆటలో కలిపేశారు. "పన్ను కట్టించుకోవడం కూడా పౌరసేవే" అన్నారు. నేను నోరు తెరవబోయి, శాలువా గుర్తొచ్చి మూసుకున్నాను.

సరిగ్గా ఆ సమయానికి ఆడిటువాళ్ళు దిగారు. వాళ్ళకి ఆట గురించి పట్టలేదు, ఆట వల్ల ఎవరికి నీళ్ళొచ్చాయో రాలేదో అసలే పట్టలేదు. పెట్టెలు రెండూ విప్పి చూసి, వాళ్ళ పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఒకే టెండరు, ఒకే ధర, ఒకే వస్తువు. అలాంటప్పుడు ఎర్ర పెట్టెలో ఒక సరుకు, నీలం పెట్టెలో ఇంకో సరుకు ఎలా ఉంటుంది? ఇది తీవ్రమైన వ్యత్యాసం. సమానం చెయ్యండి."

"అయ్యా, అలా చేస్తే ఆట..." అన్నాను.

"ఆట మా పరిధి కాదు" అన్నాడాయన. ముక్క అక్కర్లేకుండానే వేసేశాడు, మహానుభావుడు.

ఆడిటు అభ్యంతరమంటే మా ఆఫీసులో ప్రాణం పోయినంత భయం. ఆ సాయంత్రమే పెట్టెలన్నీ విప్పి, ఖాళీ నీళ్ళ డ్రమ్ములో గుమ్మరించి, అప్పడాల కర్రతో కలిపి, రంగుకింత అని సమానంగా పంచి మళ్ళీ సీళ్ళు వేశారు. ఇప్పుడు నీలం పెట్టెలో ‘మా పరిధి కాదు’ ఉంది. ‘పరిశీలనలో ఉంది’ ఉంది. బంగారు ముక్కలూ కొన్ని అటువెళ్ళాయి. ఆఫీసు వాటాకి వినతిపత్రాలొచ్చాయి, ఒకట్రెండు దీక్షలు కూడా. సమానం చేశామని రాసి పంపాం. ఆడిటు సంతోషించింది.

ఆ వారంలోనే మాణిక్యమ్మ ఇంటి పన్ను కౌంటరుకి వచ్చింది. ఊరు వదిలేముందు పన్ను బాకీ లేకుండా చేసుకుపోదామని వచ్చింది, పాపం, నిజాయితీ గల మనిషి. ఎదురుగా కమిషనర్ గారే స్వయంగా కూర్చున్నారు, సిబ్బందికి ఆదర్శంగా ఉంటుందని. నేను పక్కన గింజలు లెక్కపెట్టడానికి నిలబడ్డాను.

కమిషనర్ గారు పన్ను నోటీసు చదివి, ముక్క తీసి చూసుకుని, కాస్త తడబడి ‘వినతిపత్రం’ వేశారు. మున్సిపాలిటీ ఆవిణ్ణి పన్ను కట్టమని వినమ్రంగా వేడుకుంటోందన్నమాట.

మాణిక్యమ్మ తన ముక్క పైకెత్తి, వేలితో అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మొహంలో ఏదో వెలుగు కదిలింది. "సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నారు" అని బల్ల మీద పెట్టింది.

"ఏ గుమాస్తా?" అన్నారు కమిషనర్ గారు.

"మా ఇంట్లో డబ్బులు చూసేది మా ఆయనండీ. సెలవులో ఉన్నాడు."

ఆయన ‘మళ్ళీ వినతిపత్రం’ వేశారు. ఆవిడ ‘మా పరిధి కాదు’ అంది. "ఇల్లు నా పరిధి కాదండీ, నాది పొయ్యి వరకే." ఆయనకి చెమట్లు పట్టాయి. ఇంకో ముక్క తీసి చూసి తెల్లబోయారు. ‘నిరాహార దీక్ష’. మధ్యాహ్నం భోజనం వేళ, క్యారియరు పక్క బల్ల మీదే ఉంది. వేరే ముక్క లేక అదే వేస్తూ ఆయన ఆ క్యారియరు వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. గింజలన్నీ నేనే లాగేశాను, రూలు ప్రకారం. నా జన్మలో ఇంత హాయిగా ఏ డ్యూటీ చెయ్యలేదు.

అప్పటికే గెలిచినా ఊరుకోకుండా, మాణిక్యమ్మ చివరి ముక్క తీసింది. తళతళా మెరిసింది.

"పని పూర్తయింది" అని చదివి, చెయ్యి చాచింది. "పన్ను కట్టేసినట్టేగా. రసీదు ఇప్పించండి."

"కట్టకుండా రసీదేమిటమ్మా!"

"మరి ఆ రోజు నీళ్ళివ్వకుండా ఇచ్చేశామన్నారుగా! మీరేస్తే పనయిపోద్ది, నేనేస్తే అవదా? ఇది మీ అనుభవమండీ. రికార్డులో కట్టేశాను."

వెనకున్న లైనంతా గొల్లుమంది. రసీదు ఇవ్వక తప్పలేదు.

ఇక చూస్కోండి. మర్నాటి నుంచి ఊరంతా పన్ను కట్టడానికి ఎగబడింది. ఇంత ఉత్సాహం ఎన్నడూ చూడలేదు. కిరాణా కొట్టాయన తన పన్ను పరిశీలనలో పెట్టేసి ‘వస్తానండీ’ అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. కల్యాణమంటపం వాళ్ళు సర్వరు పనిచేయడం లేదన్నారు. ఖజానాలో గాలి మిగిలింది, అచ్చం మా వీధి కుళాయిలాగా. నెలాఖరుకి జీతాలు రాలేదు. అప్పటిదాకా ఆట బాగుందన్న సిబ్బందే కమిషనర్ గారి గది ముందు గుంపుకట్టారు.

ఆయన నన్ను లోపలికి పిలిచి తలుపేశారు. మొహం పీక్కుపోయింది.

"భుజంగరావు గారూ, ఆవిడకేం కావాలట?"

"వాల్వు తిప్పాలి సార్. అది తిప్పితే ఆవిడ కట్టేస్తుంది. ఆవిడ కడితే ఊరు కడుతుంది. ఊళ్ళో సగంమంది పొద్దున్నే తినేది ఆవిడ చేతి అట్లే."

"పోనీ పన్నుని ఆటలోంచి తీసేస్తే?"

"తియ్యండి సార్."

"తీస్తే నేను పొరపాటు చేసినట్టవుతుంది" అని కాసేపు పెన్ను కొరికారు. "వాల్వు తిప్పితే ఎవరూ పొరపాటు చేసినట్టు కాదు. తిప్పించెయ్యండి."

ఫిట్టరు సుభానీ గునపం, సమ్మెట తెచ్చాడు. నేను వెంట వెళ్ళాను. వీధంతా గుమికూడింది. సుభానీ సిమెంటు మీద నాలుగు దెబ్బలేశాడు, మూత బయటపడింది. లోపలికి వంగి వాల్వు తిప్పాడు. కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. కుళాయి గుర్రుమంది, తుప్పునీళ్ళు కక్కింది, ఆపైన తెల్లగా ధార కట్టింది.

"ఇంతేనా సార్?" అన్నాడు సుభానీ, చేతులు కడుక్కుంటూ. "దీనికా ఇన్నాళ్ళు పేకాడారు?"

మాణిక్యమ్మ కుళాయి కింద రెండు చేతులూ పెట్టి అలా నిలబడిపోయింది. ఏడుస్తోందో మొహం కడుక్కుంటోందో తెలీలేదు. మూట విప్పేసి ఆ రాత్రికే పప్పు నానబోసింది. మర్నాడు పన్ను కట్టింది. నాకు నెయ్యట్టు వేసింది, డబ్బులు తీసుకోలేదు. హైమావతి నాతో మళ్ళీ మనిషిలా మాట్లాడింది.

కథ ఇక్కడితో అయిపోతే మాది మున్సిపాలిటీ ఎందుకవుతుంది? ఆడిటువాళ్ళు మళ్ళీ రాశారు. ‘సదరు వీధి వాల్వు పని ఇదివరకే పూర్తయినట్లు రికార్డు. పూర్తయిన పనిని రెండవసారి చేయుటకు కారణమేమి? బాధ్యులెవరు?’

కమిషనర్ గారు బెదిరిపోయి, అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు: ‘రెండవసారి జరిగిన పనిని తక్షణమే రద్దుపరచి, వాల్వును యథాస్థితికి తెచ్చి, పైన సిమెంటు వేయవలెను. అమలు: భుజంగరావు, సీనియర్ అసిస్టెంటు.’

కాగితం చేత్తో పట్టుకుని నా సీట్లో కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే ఆఫీసు ఎదురుగా మాణిక్యమ్మ తట్టలో తెచ్చిన అట్ల పొట్లాలు అందిస్తోంది. మా వాళ్ళే కొనుక్కుంటున్నారు. ఇంట్లో హైమావతి ఈ పాటికి పెరట్లో మొక్కలకి నీళ్ళు పెడుతూ ఉంటుంది.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పైవాళ్ళ మాట జవదాటింది లేదు. లేచి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాను. ఎర్ర పెట్టెలోంచి ఒక ముక్క తీసి, ఆయన బల్ల మీద ఆ ఉత్తర్వు పైన పెట్టాను. ‘పరిశీలనలో ఉంది.’

ఆయన ముక్క వంక చూశారు, నా వంక చూశారు. "ఇదేమిటి భుజంగరావు గారూ?"

"మూలస్తంభం సార్. దీనిని ప్రశ్నించు అధికారము ఏ స్థాయి అధికారికిని లేదు. సంతకం తమరిదే."

ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఆ మధ్య ఎప్పుడూ నవ్వనంత హాయిగా నవ్వారు. ముక్కనీ, ఉత్తర్వునీ కలిపి నా చేతికిచ్చి, "జాగ్రత్తగా పరిశీలించండి. తొందరేం లేదు" అన్నారు.

ఆ ఉత్తర్వు నా సొరుగులో ఉంది. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నాను. పన్ను ఆటలోంచి తప్పించారు, అర్జీలు మాత్రం ఇంకా ఆడుతూనే ఉన్నారు. మా వీధికి పొద్దునా సాయంత్రం నీళ్ళొస్తున్నాయి.

ఇదంతా చెప్పాక హైమావతి పొయ్యి దగ్గర్నుంచి తిరిగి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళ నౌకరీలో మీరు చేసిన మంచి పని ఇదొక్కటేనండీ" అంది, "చెయ్యకుండా కూర్చోవడం."